ఎనిమిది రోజుల పాక

మా రోజుల్లో గొడ్లపాక వెయ్యడానికి ఆర్నెల్లు పట్టేది. ఈ మాట అనగానే మా మనవడు ఫోన్లోంచి తలెత్తకుండా "ఆర్నెల్లూ ఏం చేసేవారు తాతయ్యా?" అంటాడు. మేం చేసింది తక్కువేరా. గట్టిగా లెక్కేస్తే నలభై రోజుల పని. తక్కిందంతా చలి చేసింది, చెరువు నీళ్ళు చేశాయి, ఎండ చేసింది. వాటికి కూలి ఇవ్వక్కర్లేదు. తొందరపెట్టే వీలూ లేదు.

మాది కోనసీమ, అమలాపురానికి ఎగువన కాలవ గట్టు మీది ఊరు. కొబ్బరితోటలో పశువులుండే చోటుని మకాం అంటాం. 2025 వేసవిలో మా అబ్బాయి ఆ మకాంలో కొత్త షెడ్డు వేశాడు. సోమవారం జేసీబీ వచ్చింది, మళ్ళీ సోమవారానికి గేదెలు వచ్చేశాయి. మధ్యలో వెల్డింగ్ కుర్రాళ్ళు, ఇనప గొట్టాలు, నీలం రంగు రేకులు, కింద గచ్చు. గచ్చుకి వారం రోజులైనా నీళ్ళు పట్టాలి కదయ్యా అంటే "కెమికల్ కలిపాం తాతగారూ" అన్నాడు మేస్త్రి. ఈ రోజుల్లో దేనికి అడ్డం చెప్పినా కెమికల్ ఒకటి ఉంటుంది. ఊళ్ళో కొందరు ఉపాధి హామీ కింద గోకులం షెడ్లు వేయించుకున్నారు, ఖర్చులో 90 శాతం ప్రభుత్వమే ఇచ్చింది. మావాడు దరఖాస్తు పెట్టే ఓపిక కూడా లేక సొంత డబ్బు పోశాడు. అదీ తొందర.

నా సంగతి చెబుతాను వినండి. 1973లో నేను డిగ్రీ రెండో ఏడు. జై ఆంధ్ర ఉద్యమంతో కాలేజీలు మూతపడ్డాయి. రాష్ట్రపతి పాలన వచ్చింది, నేను ఇంటికొచ్చాను. వీధరుగు మీద కూచుని పేపరు చదువుతూ ఉంటే మా నాన్నగారికి ఒళ్ళు మండేది. "ఖాళీగా ఉన్నావుగా, పాక వేద్దాం" అన్నారు.

సంక్రాంతి వెళ్ళింది, పుష్య బహుళం. శూన్యమాసం కదండీ అంటే, పెళ్ళికి పనికిరాదు గాని చెట్టు కొట్టడానికి ఇదే మంచిదన్నారు. చలికాలంలో చెట్టులో నీరు తక్కువ, అందులో చీకటిపక్షంలో కొట్టిన కర్రకి పుచ్చు పట్టదని ఆయన నమ్మకం. చలి మాట నిజమే. చీకటి మాటకి నేను పూచీ పడను. చెట్టు చెట్టుకీ వెళ్ళి గొడ్డలి వెనకవైపుతో కొట్టి చప్పుడు వినేవారు. నాకన్నీ ఒకేలా వినిపించేవి. ఆరు తాడిచెట్లు ఎంచారు, అన్నీ ముసలివే. తాడికి తక్కిన చెట్లలా కాదు, చేవ బయట ఉంటుంది, లోపలంతా మెత్తని బెండు. లేత చెట్టయితే పైన చేవ కట్టదు, దూలానికి పనికిరాదు.

కొట్టిన దుంగల్ని చీల్చి, ఏజెన్సీ నుంచి గోదావరి మీద తెప్పలు కట్టి దింపిన వెదుళ్ళు కొనుక్కొచ్చి, అన్నిటినీ కలిపి చెరువులో ముంచాం. పైన బరువు పెట్టాం. నెలన్నర. ఆ నెలన్నర చెరువు గట్టున కంపు భరించడమే పని. వెదురులో పురుగుకి ఇష్టమైన తీపి ఏదో ఉంటుంది, అది నీళ్ళలోకి దిగిపోతేనే కర్ర బతుకుతుంది. ఇప్పుడైతే డబ్బాలో మందు దొరుకుతుంది, బ్రష్షుతో పూస్తారు. పని అవుతుంది, కాదనను. కంపు కూడా లేదు.

చైత్రం దాటాక కాలవలు కట్టేశారు. ఇదేదో సెలవులాంటిది మా డెల్టా వాళ్ళకి. పిల్లలంతా కాలవలో దిగి బురదలో చేపలు పట్టేవారు, పెద్దలు మట్టి తవ్వేవారు. ఆ ఒండ్రు బళ్ళతో తోలి మకాం మెరక చేసి దిమ్మిసతో కొట్టాం. కొట్టీ కొట్టీ నా అరచేతులు పొక్కిపోయాయి. పాక పొడవు తూర్పు పడమరలకి పెట్టాలన్నారు నాన్నగారు, అప్పుడు ఎండ గొడ్ల వీపు మీద పడదట. కొలతకి టేపు లేదు. మా పెద్ద ఎద్దుని తీసుకొచ్చి నిలబెట్టి, అది పడుకున్నాక ఇంకో కొలత తీసి, మధ్యలో మనిషి పేడెత్తడానికి తట్టతో నడిచే దారి వదిలి గీతలు గీశారు. ఎద్దు పడుకోడానికి ఒప్పుకోక పూటంతా పోయింది. మావాడు నెట్‌లో చూసి గేదెకి కప్పు కింద నాలుగు చదరపు మీటర్లు చాలన్నాడు. పాత గాడి ఆనవాలు మీద టేపు పెట్టి చూశాను. అటూ ఇటూ అంతే వచ్చింది. చెప్పలేదు వాడికి.

రోహిణి కార్తెలో నేత. రోళ్ళు పగిలే ఎండ అంటారే, ఆ ఎండలో పైన కూచుని నేయాలి. ఎందుకంటే ఆకు కరకరలాడేలా ఎండాలి, మృగశిరలో చినుకు పడేలోపు కప్పు ముయ్యాలి. ఈ రెంటికీ మధ్య దొరికేది ఆ పక్షం రోజులే. ముందే కోసి, ఒకదాని మీద ఒకటి పేర్చి, పైన మొద్దులు పెట్టి అణిచిన తాటాకు బళ్ళతో వచ్చింది. నిట్రాళ్ళు పాతాం, దూలాలెక్కాయి, వాసాలు, పెండెకట్టు. ఒక్క మేకు లేదు, అంతా తడిపిన కొబ్బరితాడు కట్టే. తడి ఆరేకొద్దీ ముడి బిగిసేది. పక్క మకాం వాళ్ళు పిలవకుండానే వచ్చి ఆకు అందించారు, వాళ్ళ పాకకి మేం వెళ్ళేవాళ్ళం. కొత్తావకాయతో చద్దన్నం, మధ్యాన్నం మామిడిపళ్ళు. చూరు కత్తిరించిన సాయంత్రం నాన్నగారు పాక చుట్టూ మూడుసార్లు తిరిగి, ఏమీ అనకుండా స్నానానికి వెళ్ళారు. ఆయన మెచ్చుకోవడమంటే అదే.

ఇక్కడిదాకా చెప్పి ఆపేస్తే బావుంటుంది. మా ఆవిడ ఆపనివ్వదు. "కట్టింది మీరే, ఎవరు కాదన్నారు? ముసురు పట్టినప్పుడు మట్టినేల బురదైపోతే మోకాలి లోతులో దిగి పేడెత్తింది ఎవరు?" అంటుంది. తనూ, అంతకుముందు మా అమ్మా. చూరులో పాములు, తేళ్ళు. దోమలకి సాయంత్రం వేపాకు వేసి పొగ పెడితే గొడ్లకి హాయి, ఆకుకి పుచ్చు లేదు, మంట రాజేసే మనిషికి మాత్రం కళ్ళు పోయేవి. ఇప్పుడు గచ్చు మీద పైపు పట్టుకుని పావుగంటలో కడిగేస్తోంది. ఆ పైపు మీద తనకున్న ప్రేమ నా మీద ఎప్పుడైనా ఉందా అని అనుమానం.

ఇంకో సంగతి ఆవిడ కూడా అనదు, నేనే చెప్పాలి. తాటాకు రెండు మూడేళ్ళకోసారి మార్చాలి. మేం పాక వేసిన ఏడు ఆకు కరువైంది. వచ్చిన ఆకంతా ముందు మా గేదెల పాకకి ఎక్కింది. పైన కూచుని నేసింది మా పాలేరు. అతని ఇంటి మీదకి మిగిలిన ఆకే దక్కింది, అదీ మృగశిర వచ్చాక. తడుస్తూ నేసుకున్నాడు. నేను చూశాను, చూసి కాలేజీకి వెళ్ళిపోయాను.

1996 నవంబరు 6, దీపావళికి నాలుగు రోజులుంది. ఆ రాత్రి తుపానుకి కొబ్బరిచెట్లు అగ్గిపుల్లల్లా విరిగాయి. గాలి ముదరకముందే మా అమ్మ లాంతరు పట్టుకుని మకాంలోకి వెళ్ళి గొడ్లన్నిటికీ పలుపులు విప్పేసింది. విప్పితే బతికేవి బతుకుతాయి, కట్టేస్తే అన్నీ పోతాయని. పాక కప్పు ఎటు పోయిందో తెలియలేదు, వాసాలు పోయాయి, దూలాలు పడ్డాయి గాని విరగలేదు. రేకుల షెడ్డు వేసినవాళ్ళవీ ఎగిరిపోయాయి. తాటాకు ఎగిరొచ్చి మీద పడితే గీరుకుంటుంది, రేకు ఎగిరొస్తే తల ఉండదు, అంతే తేడా.

ఆకు పాక మళ్ళీ వేసుకున్నాం, రెండుసార్లు నేయించాం. ఆ తర్వాత నేసేవాళ్ళు గల్ఫు వెళ్ళారు, వాళ్ళ పిల్లలు హైదరాబాదు వెళ్ళారు. గట్ల మీది తాడిచెట్లు కొన్ని రొయ్యల చెరువులకి బలయ్యాయి. కోతకి మిషన్లొచ్చి గడ్డి ముక్కలైపోయింది, చుట్టలు చుట్టి అమ్ముతున్నారు. వాము వెయ్యడం తెలిసినవాడు మా ఊళ్ళో ఒక్కడు మిగిలాడు, అతనికి నాకంటే మోకాళ్ళ నొప్పి ఎక్కువ.

సరే, కొత్త షెడ్డు. రోహిణి కార్తెలో గేదెలు నాలుకలు బయటపెట్టాయి. నల్లని ఒళ్ళు, గేదెకి చెమటా సరిగ్గా పట్టదు, పైన కాలిన పెనంలా రేకు. మావాడు ఫ్యాన్లు పెట్టాడు, రేకు మీదకి నీళ్ళు చిమ్మే పైపు పెట్టాడు. రెండూ కరెంటు ఉన్నంతసేపే. మృగశిరలో మొదటి వాన పడిన సాయంత్రం రేకు మీద ఆ మోతకి బెదిరి పెద్దగేదె చేపలేదు. దూడని విడిచినా లాభం లేదు. మా ఆవిడ చెంబు పట్టుకుని అలా కూచుండిపోయింది. నేను ఒక్క మాట అనలేదు. అనకుండా ఉండడం ఎంత కష్టమో మీకు తెలియదు.

ఆ వానకే ఇంకోటి జరిగింది. మోటారు స్విచ్చి బోర్డు ఇనప స్తంభానికి బిగించారు. తడికి స్తంభం జిల్లుమంది. దూడ తాకబోయింది గాని మావాడు మెయిన్ ఆపేశాడు. మర్నాడు పొద్దున్నే ఎలక్ట్రీషియన్ కుర్రాడు వచ్చి ఎర్త్ వైరు లాగాడు. అయినా బోర్డు ఇనుముకి వద్దన్నాడు. షెడ్డంతా తిరిగి చూశాడు. ఎటు చూసినా ఇనుమే.

"తాతగారూ, బాగా ఎండిన కర్ర ఏదైనా ఉందా?"

దొడ్డివెనక తాటిదూలం ఒకటి చూపించాను. మేకు కొట్టబోతే వంగిపోయింది. రెండోదీ వంగింది. డ్రిల్లింగ్ మిషన్ తెప్పించాడు, బిట్టు ఎర్రగా కాలింది. "ఇదేం కర్రండీ బాబూ, ఎప్పుడు ఎండింది ఇది?" అన్నాడు.

"యాభై రెండేళ్ళుగా ఎండుతోందిరా" అన్నాను.