చిటికెనవేలి ఉత్పాదకత

ఏఐ ఎడిటర్ పరీక్ష పాసైపోయిందట. మా కంపెనీ టౌన్‌హాల్లో స్లైడు వేసి మరీ చెప్పారు. ఇక మనకు మిగిలింది చప్పట్లు కొట్టడం, 'మీరింకా ఎందుకు వాడటం లేదు' అని వచ్చే మెయిళ్లకు జవాబు రాయడం.

డెమోలో టూడూ యాప్ చేయించారు. లోకంలో టూడూ యాప్ లేక జనం అల్లాడుతున్నారు మరి! మా పాత బిల్లింగ్ కోడు జోలికి మాత్రం ఎవరూ పోలేదు.

అసలు మార్కులు యాక్సెప్టెన్స్ రేటుకు వేశారు. ఎడిటర్ బూడిదరంగులో నాలుగు లైన్లు చూపిస్తుంది, మనం ట్యాబ్ నొక్కుతాం. నొక్కితే మార్కు పడ్డట్టే. తర్వాత చదివి, తిట్టుకుని, చెరిపేసి మళ్లీ రాసుకున్నా ఆ మార్కు పోదు. విస్తట్లో వడ్డించిందంతా తిన్నట్టే రాసుకునే పెళ్లివంట లెక్క ఇది.

ఈ రేటు పెంచడం ఎంతసేపు? టార్గెట్ పెట్టిన రోజునుంచీ కామెంట్లకీ, బ్రాకెట్లకీ కూడా ట్యాబే. శుక్రవారానికి డ్యాష్‌బోర్డు పచ్చగా కళకళలాడుతుంది. ఎడమచేతి చిటికెనవేలికి ఇంత గౌరవం ఎన్నడూ దక్కలేదు.

గిట్‌హబ్ పరిశోధకులు 2022లో ఈ రేటుకు దేనితో సంబంధం కనిపెట్టారో తెలుసా? 'బాగా పనిచేస్తున్నాం' అనే ప్రోగ్రామర్ల నమ్మకంతో! ఆ నమ్మకం విలువెంతో ఎంఈటీఆర్ సంస్థ 2025లో చూపించింది. 16 మంది అనుభవజ్ఞులు, వాళ్లకు కొట్టినపిండైన ఓపెన్‌సోర్స్ కోడు, 246 పనులు, ఎక్కువగా వాడింది కర్సర్ అనే ఏఐ ఎడిటర్. ఏఐ ఉన్నప్పుడు పనికి 19 శాతం ఎక్కువ సమయం పట్టింది. అంతా అయ్యాక వాళ్లనే అడిగితే 20 శాతం ఆదా అయిందన్నారు! ఇప్పటి మోడళ్లు అంతకన్నా మెరుగే కావచ్చు. మన సర్వే ఫారం మాత్రం గడియారం వంక చూడకుండా ఇప్పటికీ 'మీకెలా అనిపించింది?' అనే అడుగుతోంది.

ఎడిటర్ మీద నాకేం కోపం లేదు. టెస్టు కేసులు చకచకా రాస్తుంది, నేనూ వాడుకుంటాను. ఈ యాక్సెప్టెన్స్ రేటు పట్టుకుని మనుషుల్ని కోసేవాళ్లను చూస్తేనే ఒళ్లు మండుతుంది. ముగ్గురి పని ఇద్దరికి చాలంటూ మూడోవాణ్ని బెంచి మీదికి తోశారు. ఫ్రెషర్లకు చిన్న బగ్గులిచ్చి పని నేర్పడం మానేశారు. రాసినవాడే చదవని పుల్ రిక్వెస్టులు సీనియర్ల నెత్తిన పడేస్తున్నారు. అర్ధరాత్రి ప్రొడక్షన్ పడిపోతే ఫోను డ్యాష్‌బోర్డుకు చేస్తారా?

కొలవాలంటే సరిగ్గా కొలవండి. ఆ బిల్లింగ్ కోడులో మూలుగుతున్న టికెట్లు తీసి, చీటీలు వేసి, సగం ఏఐతో, సగం లేకుండా చేయించండి. రివ్యూ గంటలూ కలపండి. నెల తర్వాత ఆ కోడులో ఎంత మిగిలిందో, ఎన్ని బగ్గులు తిరిగొచ్చాయో చూడండి. అది తేలేదాకా ట్యాబ్ లెక్కలు చూపించి ఎవరి ఉద్యోగం జోలికీ రాకండి.