రివెట్టుకో పంచాయతీ

బ్రిటన్‌లో బొమ్మరైళ్ల పెద్దమనుషులకు (బొమ్మ అంటే అలుగుతారు, ‘మోడల్’ అనాలి) కొత్త ఇంజన్ ప్రకటించారంటే పెళ్లిచూపులే. అక్కడి రైల్వే 1968లోనే ప్రధాన మార్గాల్లో ఆవిరి ఇంజన్లకు సెలవిచ్చేసింది. వీళ్లేమో పెట్టెలోంచి తీసి తిన్నగా పట్టాలెక్కించే ఆవిరి ఇంజన్‌కి ముందే డబ్బు కట్టేసి, నెలల తరబడి కాచుక్కూర్చుంటారు. నమూనా ఫొటో రాగానే భూతద్దం బయటికొస్తుంది. బాయిలర్ మీద రివెట్టొకటి తక్కువ! పచ్చరంగు పిసరంత ముదురు! పొగగొట్టం అర మిల్లీమీటరు పొడుగు!

అంతా సరే. అసలు రైలుకి 76వ వంతు లెక్కన ఈ మోడల్ పట్టాల మధ్య దాదాపు 18.8 మిల్లీమీటర్లుండాలి. వీళ్లు వాడే ‘ఓఓ గేజి’ అనే పట్టాల కొలతలో ఉన్నది 16.5. దశాబ్దాలుగా ఇంతే. అడిగితే, భూతద్దం జేబులోకి తోసేస్తూ, “దూరం నుంచి చూస్తే తెలీదు లెండి” అంటారు.