చీమును అమీబా అన్నవాణ్ణి

రాజోలు వైపు ల్యాబ్ టెక్నీషియన్‌గా చేసినన్నాళ్ళూ నాకో పేరుండేది. "ఆయన చూస్తే అమీబా దొరికి తీరుతుంది" అనేవారు. ఆ మాటకి మురిసిపోయిన వెర్రివాణ్ణి నేనే.

దొరికిందంతా చీము కణాలండి. పాడైన చీము కణంలో ముక్కలైన కేంద్రకం, తొందరలో చూస్తే, నాలుగు కేంద్రకాల అమీబా సిస్టులాగే ఉంటుంది. అయోడిన్ బొట్టేసి నిదానంగా చూస్తే గుట్టు తెలిసిపోతుంది. నిదానం ఎక్కడిది నాకు? చంటిదాన్ని భుజానేసుకున్న తల్లి "ఏం కనబడిందండీ?" అంటే "ఏమీ లేదమ్మా" అనడం నామోషీ. అమీబా అని రాస్తే తల్లికి కారణం దొరికేది, డాక్టరుగారికి మెట్రొనిడజోల్ సిరప్ రాసే వీలు దొరికేది, నాకు పేరొచ్చేది. పిల్లకి మాత్రం విరోచనాలు కట్టేవి కావు. నిజంగా సిస్టే కనబడినా, అది జబ్బు చేసే హిస్టోలిటికానో, ఏ హానీ చెయ్యని డిస్పారో మైక్రోస్కోపుకి తెలీదు. ఎర్రకణాలు మింగి కదులుతున్న అమీబాని పట్టుకోవాలి. దానికి మోషన్ తాజాగా ఉండగానే చూడాలి. నేనా, పొద్దుట తెచ్చిన డబ్బాని భోంచేసొచ్చి తెరిచేవాణ్ణి.

అసలు తెలివితక్కువతనం ఇది కాదు. చంటిపిల్లల స్లయిడ్లలో నాలుగు నుంచి ఆరు మైక్రాన్ల గుండ్రటి చుక్కలు కనబడేవి. ఈస్ట్ అనుకుని దాటేసేవాణ్ణి. వాటిలో కొన్నైనా క్రిప్టోస్పొరిడియం అయ్యుండాలి. తేల్చడానికి పెద్ద మెషీనేం అక్కర్లేదు. తెమడ పరీక్షకి వాడే కార్బాల్ ఫ్యూక్సినే పోసి, టీబీకి వాడే ఘాటు యాసిడ్ కాకుండా ఒక్క శాతందానితో కడిగి, మిథిలీన్ బ్లూ వేస్తే క్రిప్టో ఎర్రగా తేలుతుంది, ఈస్ట్ నీలంగా ఉండిపోతుంది. ఆ ఎర్ర సీసా నా మోచేతి పక్కనే ఉండేదండి! చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికినావిడే నయం, వెతికింది. నేను వెతకనేలేదు.

2013లో లాన్సెట్ పత్రికలో వచ్చిన పెద్ద అధ్యయనంలో కలకత్తా కూడా ఒక కేంద్రం. ఏడాదిలోపు పిల్లల విరోచనాలకి రోటావైరస్ తర్వాత క్రిప్టోయే పెద్ద కారణమని అందులో తేలింది. మెట్రొనిడజోల్‌కి ఇది లొంగదు. మామూలు మోతాదు క్లోరిన్‌కీ చావదు. 1993లో అమెరికాలోని మిల్వాకీ నగరంలో శుద్ధిచేసిన కుళాయి నీళ్ళతోనే సుమారు నాలుగు లక్షల మందికి సోకింది. కాలువ నీళ్ళు తాగే మేమేమో బ్లీచింగ్ వేశాంగా అని ధీమాగా ఉండేవాళ్ళం. కాచితే చస్తుందది.

ఇప్పుడు ఆ కుర్చీలో కూర్చున్న తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! ఒక్క మోషన్ చూసి "లేదు" అని రాసెయ్యకండి. జియార్డియా రోజూ బయటపడదు, వేరువేరు రోజుల్లో మూడుసార్లు తెప్పించండి. విరోచనాలు పద్నాలుగు రోజులు దాటిన పిల్ల మోషన్‌కి ఆ ఎర్ర రంగు వేసి చూడండి. మీ రిపోర్టు కోసం ఆగకుండా ఓఆర్ఎస్, జింకు ఈ పూటే మొదలెట్టమని తల్లికి చెప్పండి.