బాయి దిగని అల్లుడు

ఇల్లందు దగ్గర బొగ్గు ఉందని 1871లో కింగ్ దొర కనిపెట్టిన పుణ్యాన, మా వైపు మగపిల్లల భవిష్యత్తు చాలాకాలం భూమి కిందే ఉండేది. కొత్తగూడెం, మణుగూరు, ఇల్లందుల్లో కంపెనీ అంటే సింగరేణి. తక్కినవన్నీ కొట్లు. కాబట్టి హైదరాబాద్‌లో ఓ పెద్ద సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఉద్యోగం వచ్చిందని చెప్పగానే, ఓవర్‌మ్యాన్‌గా రిటైరైన మా మేనమామ అడిగిన మొదటి మాట: "పర్మనెంటేనా?"

ఆ కంపెనీ పేరు ఇక్కడ రాయను. రాయాలంటే ముందుగా అనుమతి తీసుకోవాలి. అది చేతికొచ్చేసరికి నేను సింగరేణి లెక్కన కూడా రిటైరవుతాను.

మామ ఇంటర్వ్యూ ముందు కంపెనీ వాళ్లు చేసిన ఇంటర్వ్యూలు ఏ మూలకూ రావు.

"క్వార్టర్ ఇస్తారా?"

"ఏడాదికి నాలుగు మామా. ఒక్కోదానికీ ఒక్కో టార్గెట్."

"యూనియనుందా?"

"లేదు. ఏదన్నా ఉంటే హెచ్‌ఆర్‌కి చెప్పుకోవాలి."

"అదెవరి తరఫు?"

"కంపెనీ తరఫే."

ఆకువక్క నమలడం ఆపాడు. ఆ తర్వాత అసలు ప్రశ్న వేశాడు. "మెడికల్ అన్‌ఫిట్ అయితే నీ కొడుక్కిస్తారా?" సింగరేణి ఊళ్లలో ఈ ప్రశ్న విలువేంటో బయటివాళ్లకు అర్థం కాదు. అక్కడ అన్‌ఫిట్ అయినవాడి ఇంట్లో ఇంకొకరికి కొలువు దొరికే దారి ఉంటుంది. మా దగ్గర అన్‌ఫిట్ అని తేల్చేది డాక్టరు కాదు, మేనేజరు. ఆయన తేల్చాక కొడుకు సంగతి దేవుడెరుగు, నా గేటు కార్డే పనిచేయదు.

లాభాల దగ్గరన్నా గెలుద్దామనుకున్నాను. "మాకు షేర్లిస్తారు మామా!" అన్నాను. ఎప్పుడని అడిగాడు. నాలుగేళ్లలో విడతలవారీగా వస్తాయనీ, మధ్యలో మానేస్తే మిగిలినవి పోతాయనీ చెప్పాను. సింగరేణి 2024 దసరా ముందు, విస్తరణకు తీసిపెట్టగా మిగిలిన లాభాల్లో 33 శాతం కార్మికులకు పంచింది, 796 కోట్లు. మామ ఆ లెక్క నోటితో చెప్పలేదు. పేపరు మడతపెట్టి నా ముందుకు తోశాడంతే.

చివరికి పని గురించి అడిగాడు. "మాకు రోజుకిన్ని టబ్బులని లెక్కుండేది. నీ టబ్బేది?" చూపిద్దామని ఫోన్ తీశాను. అడవి అంచున మా ఊళ్లో సిగ్నల్ కావాలంటే డాబా ఎక్కాలి. మోకాళ్ల నొప్పుల మామను మెట్లెక్కించి, యాప్ తెరిచి, అది గిర్రున తిరిగి తిరిగి ఆగాక ఓ నీలం బటన్ చూపించాను. మా టీమంతా కలిసి చేసిన పని అది.

"ఇది ముందు కూడా ఉందిగా?"

"ఉంది మామా. కాస్త కుడివైపుకు జరిపాం."

"ఎంతమంది?"

చెప్పలేదు. డిజైనర్లు, టెస్టర్లు, లాయర్లు, వీళ్లందరి మీటింగులు పెట్టడానికే ఉన్న ఇంకో ఇద్దరు. వీళ్లందర్నీ లెక్కపెడితే మామ దృష్టిలో అది బటన్ కాదు, బొగ్గు రైలు.

మీటింగులంటే గుర్తొచ్చింది. అమెరికా వాళ్లకు తెల్లారితే మాకు పొద్దుగూకుతుంది. ఇప్పపూలు రాలే కాలంలో ఓ రాత్రి డాబా మీద కూర్చుని కాల్‌లో ఉన్నాను. ఇప్పచెట్ల కిందికి ఎలుగుబంటి వచ్చినట్టుంది, ఊరి కుక్కలన్నీ ఒక్కసారిగా అందుకున్నాయి. "ఎవరో మ్యూట్ చేసుకోలేదు" అని సియాటిల్ నుంచి మందలింపు వచ్చింది. నన్నయితే మ్యూట్ చేసుకోగలను.

అయినా న్యాయంగా మాట్లాడాలి. మామ దిగిన బాయిలో పైకప్పు కూలితే మనిషి మిగలడు. నా ఆఫీసులో ఏసీ ఎక్కువైతే జలుబు చేస్తుంది. అమ్మ మోకాలి ఆపరేషన్‌కు ఆసుపత్రిలో కార్డు చూపించి సంతకం పెట్టానంతే. అప్పుకోసం ఏ గుమ్మమూ తొక్కలేదు. బటన్ జరిపినందుకు ఇంత ఇస్తున్నారంటే, జరపకపోయినా ఇచ్చేలా ఉన్నారని అప్పుడప్పుడు భయం కూడా వేస్తుంది.

కొలువు ఎప్పుడు ఊడుతుందోనన్న ఆ భయం ఉత్తదేమీ కాదు. మా వైపు వరదైనా చెప్పి వస్తుంది. భద్రాచలంలో గోదావరి 43 అడుగులకొస్తే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 2022 జూలైలో 71 అడుగులు దాటిన వరద కూడా ఈ మూడు మెట్లూ ఎక్కే వచ్చింది. ఆర్నెల్లకు, 2023 జనవరిలో, గూగుల్ 12 వేల మందినీ మైక్రోసాఫ్ట్ 10 వేల మందినీ తీసేస్తున్నామన్నాయి. అమెరికాలో కొందరు గూగుల్ ఉద్యోగులకు పొద్దున్నే లాగిన్ కాకపోతే గానీ విషయం తెలియలేదు. గోదారి నయం.

"మైక్రోసాఫ్ట్ పెద్ద మన హైదరాబాదోడేగా, సిఫారసు చేయించుకోరాదూ?" అంటాడు మామ. సిఫారసు కొలువుల సంగతి మా జిల్లాకు కొత్తగా ఎవరూ చెప్పక్కర్లేదు. నేలకొండపల్లి కంచర్ల గోపన్నకు మేనమామలు అక్కన్న మాదన్నల చలవతోనే పాల్వంచ తహసీల్దారీ వచ్చిందంటారు. పై అనుమతి లేకుండా ఖజానా సొమ్ముతో భద్రాచలంలో రాముడి గుడి కట్టించి, గోల్కొండ ఖైదులో పన్నెండేళ్లు ఉన్నాడనేది కథ. ఆ బాకీ రామలక్ష్మణులే వచ్చి తీర్చారు కాబట్టి సరిపోయింది. మా అకౌంట్స్ వాళ్లయితే రాముడొచ్చి కట్టినా జీఎస్టీ బిల్లు అప్‌లోడ్ చేయమంటారు.

సెలవులకెళ్తే ఇంజినీరింగ్ చదివే పిల్లలు చుట్టూ చేరి అడుగుతుంటారు, పెద్ద కంపెనీలో చేరమంటారా అని. చేరండి. జీతం మంచిది, ఇన్సూరెన్స్ ఇంకా మంచిది. చేతికి రాని షేర్లను చూసుకుని కోకాపేటలో ఫ్లాటుకు అడ్వాన్సు మాత్రం ఇవ్వకండి.