ఐదుగురు సేనాపతుల కిరీటం

పొనికి కొయ్యతో చెక్కి, రంగు కాగితం, అద్దం బిళ్లలు అతికించిన కిరీటాన్ని నేను. తెలకపల్లిలో ఓ ఇంటి అటక మీద, సందుగలో ఉంటాను. భారతం ఆడే రాత్రే నాకు వెలుతురు.

పాండవుల వైపు ఎవరి కిరీటం వాళ్లకుంది. కౌరవ సేనాపతులందరికీ నేనొక్కదాన్నే. భీష్ముడు అంపశయ్య మీద ఒరగ్గానే తెర వెనక నా ముడి విప్పి ద్రోణుడికి కడతారు. ఆ చెమట ఆరకముందే కర్ణుడికి. పంతులు తాళం వేస్తూ అక్షౌహిణి లెక్క చదువుతాడు: 21,870 రథాలు, అన్నే ఏనుగులు, 65,610 గుర్రాలు, 1,09,350 మంది కాల్బలం. అలాంటివి పదకొండు నా కింద! అరుగు మీద చూస్తే నిలబడేది ముగ్గురు, వాళ్లలో ఒకడు నిద్ర ఆపుకుంటూ.

మొదటి నలుగురిలో మనసారా యుద్ధం కోరి నన్ను పెట్టుకున్నవాడు కర్ణుడొక్కడే. భీష్ముడు పాండవుల్ని చంపనని ముందే చెప్పాడు. పైగా రథుల్నీ అతిరథుల్నీ లెక్కకడుతూ కర్ణుణ్ణి అందరి ముందూ అర్ధరథుడన్నాడు. ఆ ఒక్క మాటకు కర్ణుడు పది రోజులు విల్లు ముట్టలేదు. దుర్యోధనుడు ఇద్దరిలో ఎవరినీ కాదనలేకపోయాడు. అది మొహమాటమో, పిరికితనమో నాకిప్పటికీ అంతుపట్టదు. తీరా కర్ణుడి తలకెక్కితే, రథం తోలడానికి శల్యుణ్ణి తెచ్చారు. నకుల సహదేవుల మేనమామ! నోటికొచ్చినట్టు అంటాను, పడాలి అన్న ఒప్పందం మీద పగ్గాలు పట్టాడు. సేనాపతిని సారథి దారి పొడవునా తిడుతుంటే మా ఊళ్లో ఈలలే ఈలలు. మర్నాడు అదే శల్యుడు నన్ను పెట్టుకుని మధ్యాహ్నానికే పడిపోయాడు.

తొడలు విరిగి పడున్న దుర్యోధనుడు అశ్వత్థామకు పట్టం కట్టించే ఘట్టం వచ్చేసరికి తూరుపు తెల్లబడుతుంది. జనం పల్చబడతారు. అప్పటికి కౌరవుల వైపు మిగిలింది అశ్వత్థామా, కృపుడూ, కృతవర్మే. కథలోని సైన్యానికీ మా అరుగు మీది సైన్యానికీ అప్పుడు లెక్క కుదురుతుంది. పాండవ శిబిరంలో నిద్రపోయేవాళ్లను చంపడం తప్పని కృపుడు చెబుతాడు. మేనమామ, పైగా ఆచార్యుడు. అశ్వత్థామ వినడు. కాసేపటికి ఆ కృపుడే శిబిరం వాకిట నిలబడి, పారిపోయి వచ్చేవాళ్లను నరుకుతాడు.

ఒకసారి కృపుడి వేషగాడు తెర వెనక అడిగాడు: "తప్పని చెప్పినోన్ని నేనే గదా పంతులూ, మళ్ల వాకిట్ల ఎందుకు నిలవడాలె?"

"కిరీటం ఆయన నెత్తి మీదున్నదిరా. పో, తెల్లారుతున్నది."