చూరు కెరుక: ఒక తేటగీతికి టీకా తాత్పర్యం

అవతారిక

కవి పేరు తెలియదు, కాలం మాత్రం నిర్ణయించవచ్చు. పద్యంలో నంది ఉంది కాబట్టి, నంది అవార్డులు పుట్టిన 1964కు ముందువాడు కాడు. ఇంకొంచెం లోతుకు పోతే, సినిమాను మళ్ళీ చూడడాన్ని పండగలా చెప్పాడు కనుక, హీరోల పుట్టినరోజులకు పాత సినిమాలను కొత్త ప్రింట్లతో వేసే ఆచారం బలపడిన 2022 తరువాతివాడని నా నిశ్చయం. ఇదే పద్యానికి వ్యాఖ్య చెప్పిన ఫస్టు బెంచి వ్యాఖ్యాత దీనికి ఒప్పుకోడు. టూరింగు టాకీసుల రోజుల్లో ఒకే బొమ్మను పదిసార్లు చూసినవాళ్ళు లేరా అంటాడు. ఆయన మాటలో బలముంది. కానీ ఏ సంగతి ఎత్తినా అది తన చిన్నప్పుడే అయిపోయిందనడం ఆయనకు అలవాటు.

సందర్భమేమనగా: అవార్డులు ప్రకటించే ముందురోజు టీకొట్టు దగ్గర ఒక అభిమాని తన హీరోకే వస్తుందని బల్ల గుద్ది చెప్పాడు. మర్నాడు అటువైపు రావడం మానేశాడు. అతణ్ణి వెతికి పట్టుకొని స్నేహితుడు చెప్పిన ఓదార్పు ఇది.

పద్యం

తే. జ్యూరి గదిలోని మాటలు చూరు కెరుక;
సెన్సరగునాటి యేడాది చెల్లు నండ్రు;
వచ్చునన్నది రాకపోవచ్చు గాని
మళ్ళి చూచిన బొమ్మయే మనకు నంది.

ప్రతిపదార్థం

జ్యూరి గదిలోని = నిర్ణేతలు తలుపులు వేసుకొని కూర్చున్న గదియందలి; మాటలు = వాదములు, అలకలు, నడుమ వచ్చు టీ బిస్కత్తుల గూర్చిన ప్రస్తావనలు; చూరుకు = ఆ గది చూరునకు మాత్రమే; ఎరుక = తెలియును; సెన్సరగునాటి = సెన్సారు సర్టిఫికెట్టు చేతికి వచ్చిన నాటి; ఏడాది = సంవత్సరమే; చెల్లును = లెక్కకు వచ్చును; అండ్రు = అని తెలిసినవారందురు (నిబంధనల పుస్తకము కవి స్వయముగా చదువలేదని సూచన); వచ్చునన్నది = తప్పక వచ్చునని మనము పందెము కాసినది; రాకపోవచ్చు = రాకపోవచ్చును (కవి ఇచట మొగమాటపడినాడు; సాధారణముగా రాదు); కాని = అయినను; మళ్ళి = మరల; చూచిన = టికెట్టు కొని చూచిన; బొమ్మయే = సినిమాయే; మనకు = అభిమానులకు; నంది = పురస్కారము.

తాత్పర్యం

నిర్ణేతల మనసు నిర్ణేతలకే తెలుసు. ఏ సినిమా ఏ ఏటి పోటీలో ఉందో తెలుసుకోవడమే కష్టం. ఇన్ని తెలియక చెప్పిన జోస్యం తప్పితే బాధపడనక్కరలేదు. మళ్ళీ చూడాలనిపించిన సినిమాకు మనం ఇవ్వవలసింది ఇచ్చేసినట్టే.

పాఠాంతరం

కొన్ని ప్రతుల్లో ‘బొమ్మయే’కు బదులు ‘సినిమాయె’ అని ఉంది. గణాలు సరిపోతాయి, రుచి సరిపోదు. గేటు దగ్గర పరుగెత్తుకొచ్చినవాడు “బొమ్మ పడిందా?” అంటాడు గానీ “సినిమా ప్రారంభమైనదా?” అనడు. యతులు శుద్ధం: జ్యూకు చూ, సెకు చె.

మొదటి పాదం మీద విశేషాలు

జాతీయ అవార్డుల జ్యూరీ కూర్చునే ఢిల్లీ భవనాలకు చూరెక్కడిది అని మరో వ్యాఖ్యాత, బాల్కనీ వ్యాఖ్యాత, శంక. సమాధానం: కవికి కావలసింది చూరు కాదు, జ్యూరీతో యతి. ఇక అసలు విషయానికి వద్దాం.

జోస్యం చెప్పాలంటే పోటీలో ఎవరున్నారో ముందు తెలియాలి. జాతీయ సినిమా అవార్డుల్లో అదే తెలియదు. అక్కడ నామినేషన్ల జాబితా బయట పెట్టరు. ప్రాంతీయ ప్యానెళ్ళు ముందు వడపోస్తాయి, మిగిలిన వాటిని కేంద్ర జ్యూరీ చూస్తుంది, ఒకనాడు విలేకరులను పిలిచి నేరుగా విజేతల పేర్లే చదువుతారు. ఆఖరి దాకా వచ్చి ఓడినవాడికి ఆ సంగతి జన్మలో తెలియకపోవచ్చు. అభిమానికి ఇది గొప్ప వసతి. తన హీరో ప్రతి ఏడూ ఒక్క ఓటు తేడాతో పోగొట్టుకున్నాడని అతడు ప్రమాణం చేసి చెప్పగలడు, కాదనడానికి ఎవరి దగ్గరా కాగితం ఉండదు.

ఆస్కారు దారి వేరు. ముందు నామినేషన్లు, తరువాత సభ్యుల ఓట్లు. ఈలోగా గోల్డెన్ గ్లోబ్, క్రిటిక్స్ చాయిస్ వంటివి వరసగా వచ్చి దారి చూపిస్తుంటాయి. అందుకే అక్కడి జోస్యానికి తర్కశాస్త్రం పనికొస్తుంది. కొండ మీద పొగ కనిపిస్తే అక్కడ నిప్పుందని ఊహించడం అనుమాన ప్రమాణం. ‘ఆర్ఆర్ఆర్’లోని ‘నాటు నాటు’ పాట విషయంలో పొగ 2023 జనవరిలో గోల్డెన్ గ్లోబ్ దగ్గర లేచింది, వారం తిరక్కుండా క్రిటిక్స్ చాయిస్ దగ్గర చిక్కబడింది. రిహానా పాట, లేడీ గాగా పాట అదే వరసలో నిలబడి ఉన్నా, మార్చి 13 ఉదయం మన టీవీల్లో నిప్పు కనబడింది. కీరవాణి, చంద్రబోస్ చెరొక బొమ్మ పట్టుకొని నిలబడ్డారు. మన అభిమాని జోస్యం లోకం ఎదుట నెగ్గిన సందర్భాల్లో అది మొదట చెప్పుకోదగ్గది. ఆ గర్వం ఇంకా దిగలేదు, దిగనవసరమూ లేదు.

అయితే తర్కంలో హేత్వాభాసమని ఒకటుంది. హేతువులా కనిపిస్తుంది గానీ హేతువు కాదు. ‘లా లా ల్యాండ్’ 14 నామినేషన్లతో వచ్చింది. 2017 ఫిబ్రవరిలో ఉత్తమ చిత్రంగా దాని పేరే వేదిక మీద చదివారు. నిర్మాతలు మైకు దగ్గర కృతజ్ఞతలు చెప్పుకుంటూ ఉండగా, అందిన కవరు తప్పని, గెలిచింది ‘మూన్‌లైట్’ అని తేలింది. పొగ చూసి నిప్పుందని పొరబడడం ఎవరికైనా సహజం. నిప్పుందని మైకులో ప్రకటించాక కూడా లేకపోవడం అన్నది మన ప్రాచీన తార్కికులు ఊహించని కేసు.

రెండవ పాదం

ఇది పద్యంలో అత్యంత ఉపయోగకరమైన పాదం. రసికులు దీన్ని దాటేస్తారు, పందెం కాసేవాళ్ళు మాత్రం దాటకూడదు. జాతీయ అవార్డుల లెక్క విడుదల తేదీతో కాదు, సెన్సారు తేదీతో. ‘శంకరాభరణం’ జనం ముందుకు వచ్చింది 1980 ఫిబ్రవరిలో. దానికి స్వర్ణకమలం, మహదేవన్‌కు సంగీతం, బాలసుబ్రహ్మణ్యానికి, వాణీజయరాంకు గానం అవార్డులు వచ్చింది 1979 సంవత్సరపు లెక్కలో. అంటే ప్రేక్షకుడు ఇంకా చూడని ఏడాదికి సినిమా విజేత అయింది.

అదే కథ మళ్ళీ జరిగింది. ‘ఆర్ఆర్ఆర్’ 2022 మార్చి 25న విడుదలైంది. అభిమానులు 2022 జాబితాలో దాన్ని పెట్టుకొని, పోటీకి ‘కాంతార’ ఉందా, ఇంకేముంది అని లెక్కలు కట్టుకున్నారు. తీరా చూస్తే అది 2021 కింద పోటీపడి, ఆరు అవార్డులు తెచ్చుకుంది. 2021 కిందనే ‘పుష్ప’ కూడా ఉంది. ఏడాది అంతరంతో విడివిడిగా కొట్టుకోవలసిన రెండు అభిమాన వర్గాలు ఒకే గోదాలోకి వచ్చిపడ్డాయి. తెలంగాణ ప్రభుత్వం 2025లో గద్దర్ అవార్డులు మొదలుపెట్టి, వెనకటి పదేళ్ళకూ ఉత్తమ చిత్రాలను ప్రకటించినప్పుడు కూడా ‘ఆర్ఆర్ఆర్’ 2021 గడిలోనే కూర్చుంది.

ఇక్కడ ఒక ఉపశంక. పదేళ్ళ కిందటి సంవత్సరానికి ఇవాళ అవార్డు ఇస్తే, దానికి జోస్యం చెప్పినవాణ్ణి ఏమనాలి? భవిష్యత్తు చెప్పేవాడు జోస్యుడు, గతం చెప్పేవాడు చరిత్రకారుడు. గతంలో ఏం జరగబోతోందో చెప్పేవాడికి శాస్త్రంలో పేరు లేదు. 2017 నవంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2014, 2015, 2016 నందులను ఒక్క ఊపున ప్రకటించినప్పుడే ఈ వర్గం పుట్టింది. ఆ ఎంపికల మీద అప్పుడు చెలరేగిన గొడవ గురించి ఇక్కడ వ్యాఖ్యానించను. వ్యాఖ్యకు వ్యాఖ్య పుడుతుంది.

మూడవ పాదం

పద్యానికి ప్రాణం ఇక్కడుంది. జాతీయ ఉత్తమ నటుడి అవార్డు 1967 సినిమాల నుంచి ఇస్తున్నారు. ఒక తెలుగు నటుడు దాన్ని అందుకుంటాడని మొదటిసారి విన్నది 2023 ఆగస్టు 24న, ‘పుష్ప’కు అల్లు అర్జున్. మధ్యలో గడిచిన అయిదు దశాబ్దాల పైచిలుకు కాలంలో ఎన్ని టీకొట్ల దగ్గర ఎన్ని జోస్యాలు చెప్పారో ఆలోచించండి. ఎన్టీఆర్‌కు, ఏఎన్నార్‌కు, ఎస్వీఆర్‌కు రానిదానికి జ్యూరీకి తెలుగు రాదని కారణం చెప్పుకున్నాం.

జ్యూరీకి తెలుగు రాదా? ‘నిమజ్జనం’కు శారద, ‘దాసి’కి అర్చన, ‘కర్తవ్యం’కు విజయశాంతి, ‘మహానటి’కి కీర్తి సురేష్ జాతీయ ఉత్తమ నటీమణులయ్యారు. అవన్నీ తెలుగు సినిమాలే. హీరోయిన్ మీద పందెం కాసినవాడు ఉండి ఉంటే నాలుగుసార్లు గెలిచేవాడు. హీరోల మీద కాసినవాళ్ళు 2023 దాకా ఒక్క టీ కూడా గెలవలేదు. కానీ హీరోయిన్ మీద కాసేవాణ్ణి ఏ టీకొట్టూ ఎరగదు. కటౌటు కట్టనివాళ్ళకు జోస్యమూ కట్టం. ఇది జ్యూరీ తప్పు కాదు.

కవి ‘వచ్చును’ అన్నాడు గానీ అభిమాని నిజానికి అనేది ‘రావాలి’. ఈ రెంటినీ కలిపేయడమే అన్ని పందేల ఓటమికీ మూలం. మూల గ్రంథంగా ‘మాయాబజార్’ను చూడండి. అందులో కృష్ణుడికి రెండు కానుకలు వస్తాయి. ఒకటి సత్యపీఠం, దానిపై నిలబడినవాడు నిజం కక్కుతాడు. రెండోది ప్రియదర్శిని పేటిక, తెరిచినవాడికి తనకు అత్యంత ప్రియమైనదే అందులో కనబడుతుంది. శశిరేఖకు అభిమన్యుడు, బలరాముడికి దుర్యోధనుడు, రేవతికి నగలు. అభిమాని జాబితా రాసుకునేటప్పుడు తెరిచేది ప్రియదర్శినిని, నిలబడ్డానని అనుకునేది సత్యపీఠం మీద. 2022లో ఆస్కారుకు భారతదేశం తరఫున వెళ్ళేది ‘ఆర్ఆర్ఆర్’ తప్ప మరొకటి కాదని పేటికలో స్పష్టంగా కనబడింది. వెళ్ళింది గుజరాతీ సినిమా ‘ఛెల్లో షో’. పాటకు దేశం పంపనవసరం లేదు, సినిమా నేరుగా పోటీకి దిగవచ్చు అన్న నిబంధన అప్పటికి మనలో ఎవరూ చదివి ఉండలేదు. చదివినవాడి పని నెరవేరింది.

నాలుగవ పాదం

పూర్వపక్షం: మళ్ళీ చూసిందే నంది అయితే, ముందు మూడు పాదాలూ ఎందుకు? జోస్యం మానేసి సినిమాకు పోవచ్చుగా?

సమాధానం: జోస్యం లేకపోతే మళ్ళీ చూడడానికి సాకు పోతుంది. ఫలానావాడికే రావాలని వాదించాలంటే సాక్ష్యం కావాలి. సాక్ష్యం కోసం ఆ సీను మళ్ళీ చూడాలి. చూస్తే పక్కనున్న సీను కూడా కనబడుతుంది. మొదటిసారి హీరోను చూస్తాం, రెండోసారి సినిమాను చూస్తాం, మూడోసారికి గానీ హీరో వెనక నిలబడినవాడు కనబడడు. ‘మాయాబజార్’ భారత కథే అయినా పాండవులు తెర మీదకు ఒక్కసారీ రారన్న సంగతి చాలామందికి ఎన్నో సార్లు చూశాక గానీ తట్టదు. చూస్తున్నంతసేపూ రానట్టే అనిపించదు మరి. అది 1957 మార్చి 27న విడుదలైంది. అప్పటికి నంది పుట్టలేదు. రంగులద్ది 2010 జనవరిలో మళ్ళీ వేస్తే జనం వచ్చారు. 2013లో ఒక జాతీయ టీవీ చానల్ జనం ఓట్లతో భారతదేశపు గొప్ప సినిమాను ఎంచమంటే గెలిచింది ఇదే. నా మట్టుకు దీని మీద జోస్యం చెప్పగలిగేవాణ్ణే.

2010లో వచ్చిన ‘ఆరెంజ్’, ‘ఖలేజా’ సంగతి ఇంకా విచిత్రం. అప్పట్లో రెండూ నిర్మాతలకు కలిసిరానివి. 2023లో ‘ఆరెంజ్’ మళ్ళీ వేస్తే హాలంతా పాటలు పాడింది. 2025లో ‘ఖలేజా’కు తెల్లవారుజామునే క్యూ కట్టారు. పుట్టినరోజున ‘పోకిరి’ వేయడంతో 2022 ఆగస్టులో ఊపందుకున్న ఈ ఆచారంలో నటుడికంటే ముందే డైలాగు చెప్పేయడం ఒక నియమం. శ్రుతికి ముందే స్వరం అన్నమాట. తెర మీదికి ఎక్కడం, కాగితాలు ఎగరేయడం చాలక నిప్పు కూడా పెట్టడం మాత్రం ఆచారం కాదు, అనాచారం. ఆ తెర మరుసటి షోకు కూడా కావాలి.

‘నంది’ అన్న పదానికి ఇక్కడ శ్లేష కూడా ఉందని బాల్కనీ వ్యాఖ్యాత. లేపాక్షిలో నంది ఎన్ని వందల ఏళ్ళయినా చూపు తిప్పకుండా కూర్చున్నది, నాలుగో ఆటకు వచ్చిన అభిమానీ అలాగే కూర్చుంటాడు అంటాడు. ఈ ఒక్కచోట ఆయనతో ఏకీభవిస్తున్నాను. ఫస్టు బెంచి వ్యాఖ్యాత మాత్రం, తాము ఎప్పుడు కూర్చున్నామని అడుగుతున్నాడు.

ఫలశ్రుతి

ఈ టీక చదివి పందెం కాయదలచినవారు ముందు సినిమా సెన్సారు తేదీ చూసుకోండి. ఉత్తమ నటుడి మీద టీ దాకా కాయవచ్చు, బిర్యానీ దాకా పోవద్దు. ఉత్తమ నటి మీద కాసేవారుంటే బిర్యానీకైనా ధైర్యం చేయవచ్చు, ఎదురు కాసేవాడు ముందు దొరకాలి.