వివరాలకు సంప్రదించండి (టీకా తాత్పర్య సహితం)

మూలం:

మా వెబ్‌సైట్‌కు స్వాగతం, సుస్వాగతం!
నాణ్యతే మా నినాదం, మీ సంతృప్తే మా లక్ష్యం.
అన్ని రకముల పూతరేకులు సరసమైన ధరలకు లభించును.
వివరాలకు సంప్రదించండి.

అవతారిక: ఈ నాలుగు పాదాల చాటువుకు కర్త అజ్ఞాతం. పూతరేకుల ప్రస్తావన ఉంది కాబట్టి కోనసీమ జిల్లా ఆత్రేయపురంలో పుట్టి ఉంటుందని ఊహించవచ్చు గానీ, అక్కడి ఏ ఒక్క అంగడికీ అంటగట్టడం న్యాయం కాదు. ‘పూతరేకులు’ అన్నచోట ‘ఆవకాయ’, ‘పట్టుచీరలు’, ‘పీవీసీ పైపులు’ అని పాఠాంతరాలున్నాయి. ఏది పెట్టినా గణభంగం లేదు. చిన్న వ్యాపారుల వెబ్‌సైట్లలో ఇంత విరివిగా కనిపించే రచనకు ఇన్నాళ్లూ వ్యాఖ్యానం లేకపోవడం తెలుగు విమర్శకు లోటే.

వ్యాఖ్యాతకు ఆదర్శం కోలాచల మల్లినాథ సూరి. మెదక్ జిల్లా కొల్చారం ఆయన ఊరని ప్రసిద్ధి. కాళిదాసు కావ్యాలకు సంజీవని రాస్తూ ఆయన రెండు నియమాలు పెట్టుకున్నాడు: ఆధారం లేనిది రాయకూడదు, అక్కర్లేనిది చెప్పకూడదు. ఆ రెండింటినీ పై పద్యానికి పట్టించి చూస్తే ఎన్ని పాదాలు మిగులుతాయన్నదే ఇక్కడి విచారణ.

ప్రథమ పాదం. కావ్యం మొదలుపెట్టడానికి ఆలంకారికులు మూడు దారులు చూపించారు: ఆశీస్సు, నమస్కారం, వస్తునిర్దేశం. మన కవి నమస్కారం వైపు మొగ్గి, సరిపోదేమోనని ‘సు’ ఒకటి అదనంగా చేర్చాడు. పాత ప్రతుల్లో దీనికి ముందు మంగళాచరణం కూడా ఉండేది. పేజీ తెరవగానే సుప్రభాతం దానంతటదే మోగేది, ఆఫీసులో గుట్టుగా తెరిచినవాళ్లు ఉలిక్కిపడేవారు. 2018లో గూగుల్ క్రోమ్ ఇలాంటి చప్పుళ్లకు కళ్లెం వేశాక ఆ భాగం చాలావరకు లుప్తమైంది.

వ్యాపారికి అక్కరకొచ్చేది మూడో దారి, వస్తునిర్దేశం. ఏం అమ్ముతారు, ఏ ఊళ్లో, ఎంతకు, ఎక్కడిదాకా పంపుతారు అన్నవి ఫోను తెర మీద వేలు కదపకముందే కనిపించాలి. వచ్చినవాడికి స్వాగతం చెప్పలేదన్న బెంగ ఉండదు. తను వెతుకుతున్న కొట్టు ఇదేనా అన్న అనుమానం ఒక్కటే ఉంటుంది.

ద్వితీయ పాదం. ప్రతిపదార్థం: నాణ్యతే = నాణ్యత మాత్రమే; మా = మాది, పక్క కొట్టువాళ్లది కూడా; నినాదం = గట్టిగా అరవదగినది. తర్కశాస్త్రం లక్షణానికి మూడు దోషాలు చెప్పింది: అవ్యాప్తి, అతివ్యాప్తి, అసంభవం. కొమ్ములున్నదే ఆవు అంటే గేదె కూడా ఆవైపోతుంది, అది అతివ్యాప్తి. ‘నాణ్యత మాకు పట్టదు’ అని రాసుకున్న అంగడి భూమ్మీద లేదు గనుక ఈ పాదం అందరికీ వర్తిస్తుంది, ఎవరినీ గుర్తుపట్టనివ్వదు.

ఇక్కడ కవి చేజార్చుకున్న సంపద చూస్తే వ్యాఖ్యాతకు నిజంగానే ఉసూరుమంటుంది. బోర్లించిన కుండ కింద మంట పెడతారు. పల్చటి గుడ్డను బియ్యప్పిండి పాలలో ముంచి, కాలిన కుండ మీద ఒక్కసారి అలా పరిచి లాగుతారు. గుడ్డ దాటేలోపే రేకు వచ్చేస్తుంది. చూపు ఆనేంత పల్చటి ఆ రేకుకు నెయ్యి రాసి, పంచదార పొడో బెల్లం తురుమో చల్లి మడతపెడతారు. ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు దక్కింది. ఇంత కథ ఇంట్లో పెట్టుకుని కవి ‘నినాదం’ అన్నాడు. ఇరవై సెకన్ల వీడియో, రేకు తీసే చెయ్యి, నెయ్యి ఎక్కడిదో చెప్పే ఒక వాక్యం, 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ నంబరు: నాణ్యత అన్న మాట వాడకుండానే నాణ్యత తెలిసేది. భౌగోళిక గుర్తింపు ముద్ర వేసుకోవాలంటే మాత్రం 1999 నాటి చట్టం ప్రకారం అధీకృత వినియోగదారుగా నమోదు కావాలి. ఊరు అదే కదా అని ముద్ర అతికించుకుంటే కుదరదు.

ఈ పాదం పక్కన ఒక చిత్రం ఉంది. అందులో సూటు వేసుకున్న ఇద్దరు విదేశీయులు కరచాలనం చేసుకుంటున్నారు. వీరిలో రేకు తీసేవారెవరు, నెయ్యి రాసేవారెవరు అన్నది పండితులు తేల్చలేకపోయారు. చిత్రం బరువు కూడా తక్కువేమీ కాదు. పేజీలోని ముఖ్యభాగం 2.5 సెకన్లలో కనిపిస్తే మంచి వేగమని గూగుల్ కొలమానం. ఫోనుతో తీసిన నాలుగైదు ఎంబీల ఫొటోలను కుదించకుండా వరసగా అయిదు పెడితే, బస్సులో కూర్చుని చూస్తున్న మనిషికి అవి కనిపించేలోపు స్టాపు వస్తుంది.

తృతీయ పాదం. ఇందులో రసమంతా ‘సరసమైన’ అన్న విశేషణంలో ఉంది. అభిధ: న్యాయమైన ధర. లక్షణ: పక్క కొట్టు కంటే పది రూపాయలు తక్కువ. వ్యంజన: ‘ముందు ఫోన్ చెయ్యండి, మీ గొంతు విన్నాక చెబుతాం.’ ధ్వనికి కావ్యంలో పట్టం కట్టారు సరే, ధరల పట్టికలో దానికి చోటు లేదు. పొట్లం కట్టిన సరుకును ఆన్‌లైన్‌లో అమ్మేటప్పుడు గరిష్ఠ చిల్లర ధర, నికర పరిమాణం వగైరా చూపించాలని తూనికలు కొలతల నిబంధనలు 2018 జనవరి నుంచి చెబుతూనే ఉన్నాయి. నెయ్యి రేటు నెలకోలా ఉంటుంది, ధర ఎలా రాస్తామని కవి పక్షాన ఒక ఆక్షేపణ. ‘ఈ ధరలు ఫలానా తేదీ నుంచి’ అని ఒక్క ముక్క చేరిస్తే సమాధానమైపోతుంది.

‘అన్ని రకముల’ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. రకాలు ఆరుంటే ఆరూ రాయాలి. పంచదార రుచి గిట్టని మామగారి కోసం వెతికే కోడలికి ‘అన్ని’ అన్న మాటలో బెల్లం రేకు ఉందో లేదో కనిపించదు.

చతుర్థ పాదం. వాక్యార్థం తెలియాలంటే ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి అని మూడు ఉండాలి. ‘సంప్రదించండి’ అనగానే ‘ఎవరిని?’ అన్న ఆకాంక్ష పుడుతుంది. ఆ ఆకాంక్షను తీర్చే నంబరు పక్కనే ఉండాలి; అది సన్నిధి. మన ప్రతిలో నంబరు పేజీ పైభాగాన బ్యానర్ బొమ్మలో ఉంది. బొమ్మలోని అంకెలను నొక్కితే ఫోను మోగదు. చదువరి ఒక కాగితం వెతుక్కుని, పది అంకెలూ రాసుకుని, మళ్లీ కొట్టాలి. నొక్కగానే కాల్ వెళ్లే నంబరు, వాట్సాప్ తెరిచే మీట పెట్టడం పావుగంట పని. ఆన్‌లైన్‌లో అమ్మేవారు పేరు, చిరునామాతో పాటు ఫిర్యాదుల అధికారి వివరాలూ ఇవ్వాలని, ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలని, నెలలోగా పరిష్కరించాలని 2020 నాటి వినియోగదారుల రక్షణ నియమాలు అంటున్నాయి. ఇద్దరు పనిచేసే కొట్టులో ఆ అధికారి ఎవరంటే, గల్లా పెట్టె దగ్గర కూర్చున్నాయనే.

ప్రక్షిప్తాలు. ‘మా గురించి’ అన్న ఆశ్వాసంలో ‘లోరెమ్ ఇప్సమ్’ అంటూ అర్థంకాని గద్యం ఒకటి ఉంది. కొందరు మంత్రభాగమేమోనని సందేహించారు. నిజానికి అది క్రీస్తు పూర్వం 45లో సిసిరో రాసిన లాటిన్ తత్వగ్రంథంలోని ముక్కలు చెల్లాచెదరై వచ్చినది. అచ్చుపనివాళ్లు ఖాళీ నింపడానికి వాడేది. డిజైనర్ వదిలేశాడు, యజమాని చదవలేదు. ‘బ్లాగ్’ అన్న ఆశ్వాసంలో ఉన్నది ఒకే టపా, దాని పేరు ‘హలో వరల్డ్’. అది వర్డ్‌ప్రెస్ ప్రతి కొత్త సైటుకూ ఉచితంగా ఇచ్చే నమూనా. ఆ చోట రాయాల్సినవి కొట్టులో రోజూ వినిపిస్తూనే ఉంటాయి. పార్శిల్లో రేకులు విరగవా? ఎన్నాళ్లు నిలవుంటాయి? ఫ్రిజ్‌లో పెట్టాలా? డాలస్‌లో ఉన్న అమ్మాయికి పంపుతారా? ఒక్కో ప్రశ్నకు ఒక్కో జవాబు రాసినా ఏడాదికి సరిపడా బ్లాగు.

లిపి విచారం. తెలుగు అక్షరాలు యూనికోడ్‌లో 1991లో వచ్చిన మొదటి కూర్పు నుంచీ ఉన్నాయి. అయినా కరపత్రం కోసం అను ఫాంట్లలో కొట్టించినది పేజీలో అతికిస్తే ఇంగ్లిష్ గజిబిజిగా మారుతుంది. అందుకని బొమ్మగా పెట్టేస్తారు. అంధులకు చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌కు అది వట్టి బొమ్మే. ‘ఆత్రేయపురం బెల్లం పూతరేకులు’ అని తెలుగులో వెతికినవాడికి అందులోని మాట అందుతుందన్న భరోసా లేదు. మంచి అక్షరాలు లేవన్న సాకు కూడా చెల్లదు. పెద్దన, తిమ్మన, ధూర్జటి, తెనాలి రామకృష్ణ నలుగురూ గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా కొలువున్నారు. రాయలవారు కూడా అక్కడే ఉన్నారు.

పూర్వపక్షం: ఫేస్‌బుక్, వాట్సాప్ ఉండగా ఇంత శ్రమ ఎందుకు? వాదంలో బలం లేకపోలేదు. చిన్న కొట్టుకు మొదట కావలసింది గూగుల్ మ్యాపులో సరైన చోట గుర్తు, సరైన వేళలు, వాట్సాప్‌లో సరుకుల పట్టిక. అంతవరకు వ్యాఖ్యాత ఒప్పుకుంటాడు. కానీ 2021 అక్టోబరు 4న ఫేస్‌బుక్, వాట్సాప్, ఇన్‌స్టాగ్రామ్ మూడూ ఒకేసారి దాదాపు ఆరు గంటలు మూగపోయాయి. ఉచితంగా వెబ్‌సైట్ ఇస్తామన్న గూగుల్ కూడా బిజినెస్ ప్రొఫైల్‌తో కట్టుకున్న ‘బిజినెస్ డాట్ సైట్’ పేజీలన్నిటినీ 2024 మార్చిలో మూసేసింది. సంచుల మీద, బోర్డుల మీద ఆ చిరునామా అచ్చు వేయించుకున్నవారికి సంచులే మిగిలాయి. సిద్ధాంతం: పేజీ ఎక్కడ కట్టినా పేరు సొంతదై ఉండాలి.

పేరు సొంతమని ఎవరు చెప్పాలి? ఇక్కడ కర్తృత్వ వివాదం వస్తుంది. డొమైన్‌ను సైటు కట్టిన కుర్రాడు తన ఈమెయిల్‌తో కొంటాడు. రెండేళ్లకు బెంగళూరు వెళ్లిపోతాడు. గడువు తీరిందన్న హెచ్చరికలు అతని పాత ఇన్‌బాక్స్‌కు వెళుతుంటాయి. బిల్లు, పాస్‌వర్డ్, నమోదు మూడూ యజమాని పేరున ఉన్నాయో లేదో సైటు తెరిచిన రోజునే చూసుకోవాలి.

శోధిత పాఠం:

ఆత్రేయపురం నేతి పూతరేకులు: పంచదార, బెల్లం, డ్రైఫ్రూట్.
పెట్టెకు పది, ధరలు కింద, ఈ నెల ఒకటో తేదీ నుంచి.
హైదరాబాద్‌కు రెండు రోజుల్లో. విరిగితే డబ్బు వాపసు.
ఫోన్, వాట్సాప్: ఇక్కడ నొక్కండి. ఉదయం తొమ్మిది నుంచి రాత్రి ఎనిమిది దాకా.

టీక: స్పష్టం. ఆదివారం కొట్టు తెరుస్తారో లేదో మాత్రం రాయలేదు.